అతిథి సత్కారమునకు వయస్సు కలదా?

మా విద్యార్థులు వ్రాయు వ్యాసములలో "అతిథి మర్యాద" అను శీర్షిక ఏటేటను కనబడుచునే యున్నది. ఒకప్పుడు ఆ వ్యాసము మిక్కిలి చక్కగా వ్రాసిన పిల్లవానిని పిలిచి, "నాయనా, మీ యింటికి కడపట వచ్చిన చుట్టమెవరు? వారికి నీవేమి చేసితివి?" అని యడిగితిమి. వాడు కొంతసేపు ఆలోచించి, "నాకు పరీక్షలండి, నేను గదిలో చదువుకొనుచుంటిని" అని బదులు చెప్పెను. వాని యందు దోషమెంచుటకు మాకు మనసొప్పలేదు. పదవ తరగతి పిల్లవాడున్న యింటికి ఆ యేడు చుట్టములు రాకున్న మేలని తల్లిదండ్రులే చెప్పుకొనుట మేమెరుగుదుము. పిల్లవానికి చదువు, యువకునకు ఉద్యోగ ప్రయత్నము, గృహస్థునకు తీరిక లేమి, వృద్ధునకు నీరసము. ప్రతి వయస్సునకును ఒక సాకు సిద్ధముగా నున్నప్పుడు, ఈ సద్గుణము నభ్యసించుట యెన్నడు?

ఈ ప్రశ్న మరి యే యూరివారికన్నను కాజీపేటవారికి తగినది. మనది దారులు కలియు చోటు. 1929 లో కాజీపేట-బల్హార్షా మార్గము పూర్తియైన పిదప ఢిల్లీ, మద్రాసు నగరములకు ఈ మీదుగా నేరుదారి యేర్పడినది. అప్పటినుండి పగలనక రేయనక ఎవరో యొకరు ఇచ్చట దిగుచునే యున్నారు. సఫర్ మాసమున అఫ్జల్ బియాబానీ వారి దర్గా ఉర్సునకు హిందువులు, ముసల్మానులు కలిసి వత్తురు. రెండేండ్ల కొకసారి మేడారము జాతర వచ్చినదా, వనదేవతలకు బెల్లము మ్రొక్కుకొనిన వారు ఇచ్చట రైలు దిగి బస్సుల కెక్కుదురు. ఆ నాలుగు దినములును ఈ చుట్టుప్రక్కల నేయింట జూచినను, ఎప్పుడో మరచిన మేనత్తలు, పెదనాయనల కోడండ్రు, వారి పిల్లలు వరుసగా చాపలమీద పండుకొని యుందురు. మా విద్యార్థులలో కొందరి తండ్రులు రైలు నడుపువారు. వారు నెలలో ఎన్ని రాత్రులో పరాయి స్టేషనులోని రన్నింగు రూములో, అచ్చటి వంటవాడు పెట్టిన యన్నము తిని విశ్రమింతురు. తన తండ్రి ప్రతి వారమును ఎవరికో యతిథి యగుచుండగా, తన యింటికి వచ్చిన వానిని చూచి కొడుకు తలుపు మూసికొనుట వింతగా లేదా?

బాల్యమున ఈ గుణముతో పనిలేదను మాటను మన పూర్వగ్రంథములు ఒప్పుకొనవు. కఠోపనిషత్తులో యముని యింటికి వచ్చిన యతిథి నచికేతుడను బాలుడు. యజమాని యింటలేని కారణమున ఆ బాలుడు మూడు రాత్రులు నిరాహారుడై యుండెను. తిరిగి వచ్చిన యముడు పిల్లవాడే గదా యని త్రోసివేయక, తన యింట జరిగిన లోపమునకు పరిహారముగా రాత్రి కొక్కటి చొప్పున మూడు వరములొసగెను. ఇక అతిథిని దైవముగా నెంచుమను బోధ ఎవరికి చేయబడినది? తైత్తిరీయోపనిషత్తులో గురువు ఆ మాట చెప్పునది, చదువు ముగించి వెడలుచున్న శిష్యునకు. అనగా నేటి లెక్కలో పరీక్షలు వ్రాసి ధ్రువపత్రము చేతబుచ్చుకొన్న యువకునకు. మనమో, ఆ ధ్రువపత్రము కొరకే అతిథిని వాకిట నిలిపివేయుచున్నాము.

తెలుగువారిలో డొక్కా సీతమ్మగారి పేరు వినని వారరుదు. ఆమె 1841 లో జన్మించి 1909 లో కీర్తిశేషురాలైనది. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరములో, ఏరు దాటి వచ్చిన బాటసారుల కెల్ల వేళకాని వేళయందును అన్నము పెట్టినది. ఆమె చరిత్రలో పెద్దలు సాధారణముగా ఆ అన్నదానమును మాత్రమే పొగడుదురు. మమ్మాకర్షించునది వేరొకటి. ఆమె తండ్రి భవానీశంకరముగారు అడిగినవారి కెల్ల అన్నము పెట్టి "బువ్వన్న" యని పిలువబడిన వారు. సీతమ్మగారికి చిన్ననాటనే తల్లి గతించుటచే, ఆ యింటికి వచ్చువారిని ఆదరించు పని బాలికగా నున్నప్పుడే ఆమె చేతికి వచ్చెను. గన్నవరమున డొక్కా జోగన్నగారి యిల్లాలై ఆమె చేసినది క్రొత్తగా నేర్చిన విద్య కాదు. ముసలితనమున ఒకమారు అంతర్వేది యాత్రకు బయలుదేరి, త్రోవలో ఆకలిగొన్న పెండ్లివారు "సీతమ్మగారి యిల్లు చేరిన చాలును, అన్నము దొరకును" అని యనుకొనుట విని, యాత్ర మానుకొని యింటికి మరలినదని చెప్పుకొందురు. నేడు ఆంధ్రప్రదేశములో బడిపిల్లలకు పెట్టు మధ్యాహ్న భోజనమునకు 2024 నుండి ఆమె పేరే యున్నది.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మగవారికి ఇది రుచింపకపోవచ్చును. అతిథి సత్కారమను కీర్తి ఇంటాయనది, శ్రమ ఇంటావిడది. పొద్దుపోయిన పిదప నలుగురిని వెంట దెచ్చి "వంట కానీ" అని వాకిటనుండియే కేక వేయుట దాతృత్వము కాదు. ఆ నలుగురికి నీళ్ళందించి, విస్తళ్ళు తీసి, అంట్లు తోమువారి లెక్కలో మగపిల్లవాడు చిన్ననాటనే చేరకున్నచో, వాడును రేపు వాకిటనుండి కేక వేయువాడే యగును. ఆడపిల్లకు ఈ పాఠము చెప్పువారెందరో యున్నారు. మేము బాలురను గూర్చియే చెప్పుచున్నాము.

ముసలితనమును గూర్చి ఆదికాండమున మంచి చిత్రమున్నది. అబ్రాహాము అప్పటికి తొంబదితొమ్మిదేండ్లవాడు. మిట్టమధ్యాహ్నపు టెండలో గుడారపు వాకిట కూర్చుండి, ముగ్గురు మనుష్యులను జూచి, వారికెదురుగా పరుగెత్తినాడు. శారా రొట్టెలు చేసినది; పడుచువాడైన పనివాడు దూడను వండి సిద్ధపరచినాడు. మా దృష్టిలో అంతకన్న కష్టమైన వృద్ధాప్యధర్మ మొకటి కలదు. అది ఇతరుల సత్కారమును సణుగక స్వీకరించుట. కోడలిచ్చిన గంజిని వంకపెట్టక త్రాగు అత్తగారు, కోడలికి రేపటి యతిథిని ఆదరించు ధైర్యము నిచ్చుచున్నది.

ఇంత చెప్పిన మేము మా లోపమును దాచుకొనుట న్యాయము కాదు. ఒక వేసవి మధ్యాహ్నము, వసతిగృహములోని మనుమని జూచుటకు దూరపు పల్లెనుండి ఒక ముసలమ్మ వచ్చెను. రైలు మూడు గంటలాలస్యమగుటచే చూచు వేళ దాటిపోయెను. మేము గోడకు వ్రేలాడు నియమావళిని చూపి, "సాయంకాలము ఐదు గంటలకు రావలె" నని చెప్పి మా కాగితములలో తల దూర్చితిమి. ఆమె యేమియు ననలేదు. వేపచెట్టు క్రింద నేలపై కూలబడినది. కొంతసేపటికి కిటికీనుండి చూడగా, ఆరవ తరగతి బాలుడొకడు తన నీళ్ళసీసా ఆమె చేతికిచ్చి, ప్రక్కనే కూర్చుండి యుండెను. "మా నాయన బండి దిగి యింటికి వచ్చినప్పుడు మొదట నీళ్ళిచ్చునది నేనేనండి" అని పిమ్మట మాతో చెప్పినాడు. ఆ ముసలమ్మ వెళ్ళునప్పుడు వానినే వెదకి, "సల్లగుండు బిడ్డా" యని దీవించి పోయినది. మావైపు చూడలేదు, చూడవలసిన పనియు లేదు.

కావున ఈ సంచిక మూలమున మాదొక ప్రతిపాదన. బడి ద్వారము ప్రక్కనున్న చిన్న గది చాలకాలముగా విరిగిన బల్లలతో నిండియున్నది. దానిని ఖాళీచేసి, దూరమునుండి వచ్చు తల్లిదండ్రులకు, తాతలకు, అవ్వలకు విడిదిగా నేర్పరుపవలెను. కుండలో నీళ్ళు నింపుట, చాప దులుపుట, వచ్చినవారిని పలుకరించి వారి పిల్లవానికి కబురందించుట విద్యార్థులే వంతులవారీగా చేయవలెను. ఆరవ తరగతి మొదలుకొని పదవ తరగతి వరకు అందరికి వంతులుండును. పరీక్షల నెలలో పదవ తరగతివారిని మినహాయింపవలెనని కొందరు తల్లిదండ్రులు తప్పక వ్రాయుదురు. నెలకొక్క వంతున అరగంట పోవును. ఆ యరగంటకు మార్కులు తగ్గునని మేము నమ్మజాలము. మినహాయింపు కోరువారు మొదట ఒకసారి ఐదు గంటల బండి దిగి, ఎండలో మా ద్వారము వరకు నడచి వచ్చి, పిదప మాతో మాటలాడుదురు గాక. ఇంట వాడని నులకమంచములున్న వారు బడి తెరచిన వారములోగా పంపినచో, రెండు చాలును.