కాటా చూపని బలం

విశాఖలో తూకానికి ఉన్న విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. రేవుకొచ్చే సరుకైనా, ఉక్కు కర్మాగారం నుంచి వెళ్లే కడ్డీ అయినా లెక్క టన్నుల్లోనే. అయినా స్లాబులో వేసే కడ్డీని తూచి ఊరుకోరు. లాగి చూస్తారు, వంచి చూస్తారు, తట్టుకుంటేనే పాసు చేస్తారు. ఇనుముకు పెట్టే ఈ పరీక్షను డయాలసిస్ మీద బతుకుతున్న మనిషికి మాత్రం పెట్టడం లేదు. నెలనెలా బరువు, బీపీ, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చీటీలోకి ఎక్కుతాయి. అతను ఎంత దూరం నడవగలడో, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలడో ఎక్కడా రాయరు. ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌లో ఈ లోపం మరీ ప్రమాదకరమని నా వాదన.

ఈ పద్ధతిలో రక్తాన్ని బయటికి తియ్యరు. పొట్టలో అమర్చిన మెత్తటి గొట్టం ద్వారా సుమారు 2 లీటర్ల ద్రవం ఎక్కించుకుని, నాలుగైదు గంటలు ఉంచుకుని, దించేసి కొత్త బ్యాగు పెట్టుకుంటారు. ఇలా రోజుకు మూడు నాలుగుసార్లు. కడుపు లోపలి పొరే జల్లెడ. రక్త డయాలసిస్‌లోలా వారానికి మూడుసార్లు, పూటకు నాలుగేసి గంటలు ఆసుపత్రి మంచం మీద గడిపే పని ఉండదు. కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తున్న ఉద్దానం మన ఉత్తరాంధ్రలోనే ఉంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో గానీ తెరుచుకోలేదు. అంతకుముందు పెద్ద వైద్యానికి సుమారు 200 కిలోమీటర్లు దాటి విశాఖ రావలసి వచ్చేది. అలాంటి చోట ఇంటి డయాలసిస్ విలువ ఎంతో ఊహించుకోవచ్చు. ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016లో మొదలైతే, ఈ పద్ధతికి మార్గదర్శకాలు 2019లో వచ్చాయి.

అయితే ఈ వైద్యంలో కాటా అబద్ధమాడుతుంది. ద్రవంలో ఉండే గ్లూకోజు నీటిని లాగుతుంది, కానీ అందులో కొంత ఒంట్లోకి ఇంకి కొవ్వుగా మారుతుంది. మరోవైపు దించేసే ద్రవంతో పాటు రోజుకు 5 నుంచి 10 గ్రాముల ప్రోటీను బయటికి పోతుంది. గ్లూకోజు వల్ల ఆకలి కూడా మందగిస్తుంది. దాంతో తొడల్లో కండ కరుగుతుంటే నడుము చుట్టూ కొవ్వు, కాళ్లలో నీరు చేరి ఆ లోటును కప్పేస్తాయి. కాటా మీద అంకె కదలదు. ‘బాగానే ఉన్నారు’ అని ఇంటివాళ్లూ తృప్తిపడతారు. ఒళ్లు చేసినట్టే కనబడుతూ మనిషి లోపల సన్నబడిపోతుంటాడు.

మలినాలను ఇంకా బాగా కడిగితే సరిపోదా? మెక్సికోలో 965 మంది మీద జరిగి 2002లో వెలువడిన అడెమెక్స్ పరిశోధన ఈ ప్రశ్ననే పరీక్షించింది. ఒక జట్టుకు ద్రవం పెంచి మలినాలను ఎక్కువగా తీశారు. రెండేళ్లు గడిచాక బతికి ఉన్నవారి శాతం రెండు జట్లలోనూ దాదాపు ఒక్కటే. అంటే ఒక హద్దు దాటాక కడుగుడు పెంచి ఆయుష్షు పెంచలేం. అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సంఘం 2020లో ఇచ్చిన సూచనలు కూడా ఒక్క అంకె వెంట పడొద్దని, రోగి తన బతుకు తాను బతకగలుగుతున్నాడో లేదో చూడమని చెప్పాయి.

రోగి బలాన్ని కొలవాలన్న ఈ వాదనకు గట్టి ఆక్షేపణ ఒకటుంది. బలమున్నవాళ్లు ఎక్కువకాలం బతకడం వింతేమీ కాదు, జబ్బు తక్కువ కాబట్టే నడుస్తున్నారు, నడక వల్ల జబ్బు తగ్గిందని ఎలా అంటారని. ఇందులో నిజముంది. పిడికిలి పట్టు తగ్గిన డయాలసిస్ రోగుల్లో మరణాలు ఎక్కువని తేల్చిన అధ్యయనాలు కారణాన్ని రుజువు చెయ్యలేవు. అందుకే ఇటలీలో జరిగి 2017లో వెలువడిన ఎక్సైట్ ప్రయోగం ముఖ్యం. 296 మంది డయాలసిస్ రోగులను చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును ఆరు నెలలు ఇంటి దగ్గరే నడిపించారు. ఆరు నిమిషాల్లో వాళ్లు నడిచే దూరం 328 మీటర్ల నుంచి 367కి పెరిగింది. నడిపించని జట్టు ఉన్నచోటే ఉంది. ఆ ప్రయోగంలో ఎక్కువమంది రక్త డయాలసిస్ వాళ్లన్నదీ, ఆయుష్షు పెరిగినట్టు తేలలేదన్నదీ దాచనక్కర్లేదు. కానీ ఎవరి సాయం లేకుండా లేచి తిరగడం కూడా వైద్యఫలితమే కదా.

పొట్టలో నీళ్లుంటే హెర్నియా రాదా అన్నది రెండో భయం. బరువులెత్తితే రావచ్చు. అందుకే గొట్టం వేసిన కొత్తల్లో విశ్రాంతి, పెద్ద వ్యాయామానికి ముందు ద్రవం దించడం, చెమట పట్టాక గొట్టం చోటు శుభ్రం చేసుకోవడం అవసరం. ఈ జాగ్రత్తలతో నడకకు అడ్డేమీ ఉండదు. జీడితోటల్లో, రేవులో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకు వ్యాయామమేమిటని కూడా అడుగుతారు. పాత చాకిరీ కండను దాచిపెట్టదు. జబ్బు తెలిశాక ప్రేమకొద్దీ మంచం దిగనివ్వకపోతే ఉన్నది కూడా కరుగుతుంది. అయితే తిండి లేని నడక వ్యర్థం. ఈ రోగికి కిలో బరువుకు రోజూ ఒక గ్రాముకు పైగా ప్రోటీను కావాలి. ప్రభుత్వమిచ్చే నెలకు 10,000 రూపాయల పింఛనులో కోడిగుడ్డుకీ చేపకీ మొదటి వాటా దక్కాలి.

ఆరు నిమిషాల నడక పరీక్షకు కావలసింది 30 మీటర్ల వరండా, ఒక కుర్చీ, ఒక గడియారం. 1923లో మొదలైన మన విశాఖ ఆసుపత్రి కేజీహెచ్‌లోనూ, విమ్స్‌లోనూ, పలాసలోనూ వీటికి కొరత లేదు. డాక్టర్లకు ఒకటే విన్నపం. వచ్చే నెల చూపించుకోవడానికి వచ్చిన రోగిని కాటా దింపాక, ఆరు నిమిషాలు నడిపించి ఆ మీటర్లు కూడా చీటీ మీద రాయండి.