కౌలు కాగితమంటే భయమెందుకు?
నోటిమాట వల్ల నష్టం చిన్న పట్టాదారుకే
(గ్రామీణ విలేకరి)

నల్లగొండ: మిరుగు కార్తె రాకముందే పల్లెల్లో కౌళ్ళ మాటలు పూర్తవుతాయి. ఎకరం రెండెకరాలున్న వితంతువులు, పొట్ట చేతబట్టుకొని బొంబాయి, పూనా, హైదరాబాద్ వెళ్ళిన పాలమూరు కూలీలు, చిన్న ఉద్యోగాల్లో ఉన్నవారు, సేద్యం చేయలేని వృద్ధులు తమ చెలకలను, మడులను కౌలుకు లేదా పాలుకు ఇస్తున్నారు. ఈ ఒప్పందాల్లో అత్యధిక భాగం రచ్చబండ వద్ద నోటిమాటతోనే జరుగుతున్నాయి. కాగితం వ్రాస్తే భూమి చేజారిపోతుందన్న భయమే ఇందుకు కారణం. ఈ భయంలో ఎంత నిజముంది? కాగితం లేనందువల్ల ఎవరికి నష్టం? ఈ రెండు ప్రశ్నలను పట్టాదార్లు, కౌలుదార్లు కూడా ఆలోచించవలసిన అవసరమున్నది.

భయం ఎక్కడ పుట్టింది?

ఈ భయానికి చరిత్ర ఉన్నది. నల్లగొండ జిల్లా భూపోరాటాలకు పుట్టినిల్లు. సాయుధ పోరాటం సాగుతున్న రోజుల్లోనే 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. మరుసటి ఏడు ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమివ్వడంతో భూదానోద్యమం మొదలైంది. 1950 చట్టం కింద ఆనాడు కాస్తులో ఉన్న అనేకమంది 'రక్షిత కౌలుదార్లు' అయ్యారు. ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్‌ను 1973లో అమలు చేయడంతో వారిలో చాలామంది భూమికి యజమానులైనారు. తరతరాలుగా దున్నినవారికి అది న్యాయం. కాని 'కౌలుకిస్తే భూమి పోతుంది' అనే మాట అప్పటినుండి పట్టాదార్ల ఇండ్లలో స్థిరపడిపోయింది.

రక్షిత కౌలుదారు హోదా 1940లు, 50లలో సాగులో ఉన్నవారికీ, వారి వారసులకూ సంబంధించినది. ఈనాడు ఒక ఏటి కౌలుకు భూమి పట్టిన వ్యక్తి కాగితం వ్రాసుకున్నంత మాత్రాన రక్షిత కౌలుదారు కాజాలడు.

అయితే 1950 చట్టం రద్దు కాలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ చట్టం ప్రకారం కౌలుదారును యజమాని తనంతట తాను వెళ్ళగొట్టరాదు. తహసీల్దారు ఉత్తర్వు ద్వారానే స్వాధీనం పొందాలి. ఈ రక్షణ నోటిమాట కౌలుకు కూడా ఉన్నది. కనుక కాగితం లేకుంటే చట్టం అంటదనుకోవడం వట్టి భ్రమ.

కాగితం ఎవరికి రక్ష?

కౌలు కాగితం మొదట రక్షించేది పట్టాదారునే. కౌలుదారుగా భూమిలోకి వచ్చిన మనిషి, కౌలు నడుస్తున్నంత కాలం 'ఈ భూమి నీది కాదు' అని యజమానితో వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. అనుమతితో దున్నుతున్నవాడు పన్నెండేండ్ల స్వాధీనాన్ని చూపి హక్కు కోరడం కూడా చెల్లదు. కాని అతడు అనుమతితోనే వచ్చాడని రుజువేమిటి? నోటిమాటకు సాక్షులైన పెద్దమనుషులు పోయిన తరువాత మిగిలేది కాగితమే.

తెలంగాణలో సాదా బైనామాల సమస్య అందరికీ తెలిసినదే. 2014 జూన్ 2కు ముందు తెల్లకాగితంపై భూమి కొని దున్నుకుంటున్న చిన్నరైతుల పాత దరఖాస్తులను క్రమబద్ధం చేయడానికి 2025 భూభారతి చట్టంలో వీలు కల్పించారు. నిజంగా కొన్నవారికి అది మేలు. అయితే కౌలుకిచ్చి వలసపోయిన పట్టాదారు ఏండ్ల తరువాత తిరిగి వచ్చేసరికి, దున్నుతున్నవారు 'మేము కొన్నాము' అంటే ఏం చూపగలడు? ప్రతి ఏటి కౌలు పత్రం, రశీదులు ఉంటే ఆ తగాదా మొదటి రోజే తేలిపోతుంది.

కౌలుదారు నష్టం

నోటిమాట కౌలు వల్ల కౌలుదారు సర్కారు లెక్కల్లో లేకుండా పోతున్నాడు. 2018లో మొదలైన రైతుబంధు, రైతుబీమా పథకాలు పట్టాదారులకే వర్తించాయి. 2025 జనవరి 26న రైతుభరోసా కింద పంటకు ఎకరానికి 6 వేలు, ఏడాదికి 12 వేల చొప్పున ప్రారంభమైన సాయం కూడా పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాలోనే పడింది. పెట్టుబడి పెట్టినవాడు ఒకరు, పెట్టుబడి సాయం పొందినవాడు మరొకరు అన్నమాట.

అప్పు సంగతీ అంతే. కిసాన్ క్రెడిట్ కార్డుకు కౌలుదార్లు, నోటిమాట కౌలుదార్లు, పాలుకాపులు కూడా అర్హులేనని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉన్నది. నలుగురినుండి పదిమంది వరకు కౌలురైతులు ఉమ్మడి బాధ్యతా సంఘంగా ఏర్పడి అప్పు అడగవచ్చును. 2011లో వచ్చిన చట్టం కింద కౌలుదార్లకు ఏడాది గడువుగల రుణ అర్హత కార్డులిచ్చే ఏర్పాటు జరిగింది. ఆ కార్డు వల్ల భూమిపై ఎట్టి హక్కూ రాదని చట్టంలోనే వ్రాశారు. అయినా పట్టాదార్ల భయం తగ్గలేదు, బ్యాంకుల తలుపులు తెరుచుకోలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. నాలుగెకరాల పత్తి చెలక, ఎకరానికి 10 వేల కౌలు అనుకుందాం. మొత్తం 40 వేలు ముందుగానే ఇవ్వాలంటే కౌలుదారు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. పది నెలలకు వడ్డీ 8 వేలు. ఆ 8 వేలు పట్టాదారుకు రాలేదు, దున్నినవాడికి దక్కలేదు. సగం కౌలు ముందు, సగం పత్తి ఏరిన తరువాత తీసుకుంటే పట్టాదారు 40 వేలలో పైసా తగ్గదు. కౌలుదారుకు 4 వేలు మిగులుతాయి. ఆ నాలుగు వేలతో నాలుగు బండ్ల పెంట తోలితే బాగుపడేది పట్టాదారు భూమే.

కాగితంలో ఏముండాలి?

పట్టాదారు, కౌలుదారు పేర్లు, సర్వే నంబరు, ఎకరాలు గుంటలు, హద్దులు, ఏ తేదీనుండి ఏ తేదీవరకు, కౌలు ఎంత, ఎన్ని విడతలు అన్నవి స్పష్టంగా ఉండాలి. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. డబ్బు ముట్టిన ప్రతిసారీ రశీదు ఇవ్వాలి. ఏడాదికి మించిన గడువు పెట్టుకుంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. అట్టి దీర్ఘకాల ఒప్పందానికి ముందు వకీలును సంప్రదించడం మంచిది.

వీటికి తోడు మన మెట్ట ప్రాంతంలో తగాదాలు పుట్టే చోట్లు మరి నాలుగున్నాయి. వాటిని ముందే తేల్చుకోవాలి.

ఒకటి, బోరు. మోటారు కాలితే వైండింగు ఖర్చు ఎవరిది? నడి యాసంగిలో బోరు ఎండితే కౌలు ఎంత తగ్గించాలి?

రెండు, కాలువ నీరు. కృష్ణకు వరద సరిగా రాని 2023లో సాగర్ ఎడమ కాలువ కింద రైతులు పడిన ఇక్కట్లు మరువలేము. నీరు రాకుంటే కౌలులో ఎంత మాఫీ అన్నది నాటుకు ముందే మాట్లాడుకోవాలి. నారు ఎండిన తరువాత మాట్లాడితే మిగిలేది మనస్పర్థలే.

మూడు, ధాన్యం డబ్బు. కౌలుదారు వడ్లు పట్టాదారు పాసుపుస్తకంపై అమ్మితే డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. సన్నవడ్ల బోనస్ కూడా అంతే. ఆ డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, బ్యాంకు పాత బాకీ కింద పట్టుకుంటే బాధ్యత ఎవరిది అన్నది వ్రాసుకోవాలి.

నాలుగు, సర్కారు సాయం. రైతుభరోసా పట్టాదారు తీసుకుంటే కౌలు ఆ మేరకు తగ్గుతుందా, పంట నష్టపరిహారం వస్తే ఎవరికి చెందుతుంది అన్నది ముందే చెప్పుకోవాలి. నష్టపోయినది పంట గనుక పరిహారం పంట పెట్టినవాడికే చెందడం ధర్మం.

ఇవ్వరాని భూములు

లావణి పట్టా భూములున్నవారు ప్రత్యేకించి జాగ్రత్త పడాలి. 1977 అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్ని మాత్రమే కాదు, కౌలుకివ్వడాన్ని కూడా నిషేధించింది. సర్కారు ఆ భూమిని వెనక్కు తీసుకోవచ్చును. పేద అసైనీలు ఈ సంగతి తెలియక చిక్కుల్లో పడరాదు.

కౌలు రాబడి కోసం భూమి కొందామనుకునే ఉద్యోగులు, చిన్న వ్యాపారులు కూడా లెక్క వేసుకోవాలి. ఎకరం 20 లక్షలకు కొని ఏడాదికి 15 వేల కౌలు వస్తే అది నూటికి ముప్పావు రూపాయి మాత్రమే. బ్యాంకులో డిపాజిట్ చేసినా అంతకంటే ఎక్కువే వస్తుంది. భూమి ధర పెరుగుతుందన్న ఆశతో కొనేవారు కొనవచ్చును గాని, కౌలు మీద బతుకుదామనుకుంటే ఆశాభంగం తప్పదు. కొనేముందు ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉన్నదా, అసైన్డ్, భూదాన, వక్ఫ్, దేవాదాయ భూమా, పాత రక్షిత కౌలుదారు పేరున్నదా అని తహసీల్దారు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో విచారించాలి.

చేయవలసినది

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి 11 నెలల పత్రం ఏర్పాటు చేశారు. పట్టాదారు సంతకం కావాలన్న షరతుతో అక్కడా భయం వీడలేదు. చట్టం ఒక్కటే చాలదని దీనివల్ల తెలుస్తున్నది. భూమికి భద్రత ఉన్నదన్న నమ్మకం పట్టాదారుకు, పంటకు భద్రత ఉన్నదన్న నమ్మకం కౌలుదారుకు కలగాలి. అధికారులు వానాకాలానికి ముందు ప్రతి గ్రామంలో సభ పెట్టి కౌలు పత్రం నమూనా పంచి, అందులో పట్టాదారు హక్కుకు భంగం లేదని వివరించి చెప్పడం అవసరం.

అంతవరకు చూస్తూ కూర్చోనక్కరలేదు. చిన్న పట్టాదారు, కౌలుదారు ఇద్దరూ ఒకే ఊరివారు, ఒకే వాన కోసం ఎదురుచూసేవారు. ఈ మిరుగులోపల ఒక కాగితం వ్రాసుకొని చెరొక ప్రతి దగ్గర ఉంచుకుంటే, రేపు కోర్టు మెట్లెక్కే ఖర్చు ఇద్దరికీ తప్పుతుంది.