కిడ్నీ పరీక్షకు ఊరంతా ఒకే రోజు



2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి, కిడ్నీ జబ్బు పీడిస్తున్న మా ఉద్దానం ప్రాంతానికి తాగునీరు తెచ్చే సుమారు 700 కోట్ల పథకమూ అప్పుడే మొదలైంది. ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవి ఇవి, వీటి విలువ చాలా పెద్దది. అయితే మొదటి దశల్లో కిడ్నీ జబ్బు ఒంటికి తెలియదు. కాళ్లు వాచి, ఆయాసపడుతూ ఆసుపత్రికి చేరేసరికి చాలామందికి మిగిలేది డయాలసిస్సే. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూస్తే ఎంతో ముందే బయటపడుతుంది. అంత చిన్న పరీక్షకు మనుషులెందుకు వెనకాడతారు? ఉద్దానంలోని కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో ఆ రిపోర్టు తలుచుకుంటే పిల్లల సంబంధాలు, కూలి పని, వైద్యానికి చేయాల్సిన అప్పు అన్నీ కళ్లముందు నిలుస్తాయి. శిబిరంలో పేరు రాయించుకున్నవాళ్లను ఊరు అనుమానంగా చూస్తుంది. అలాంటి చోట ‘ప్రాణాలకే ముప్పు’ అని మైకులో ఎన్నిసార్లు చెప్పినా భయం పెరుగుతుందే తప్ప ఎవరూ గడప దాటరు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులపై హోవర్డ్ లెవెంతాల్ బృందం ధనుర్వాతం టీకా గురించి చేసి 1965లో ప్రచురించిన అధ్యయనం ఇదే చూపింది. ఎంత భయపెట్టారన్నదాన్ని బట్టి టీకా వేయించుకున్నవారి సంఖ్య పెద్దగా మారలేదు. ఎక్కడికి వెళ్లాలో మ్యాపు ఇచ్చి, ఏ వేళకు వెళ్లగలరో చూసుకోమన్నవారిలో మాత్రం 28 శాతం వెళ్లారు. అది చెప్పనివారిలో 3 శాతమే. కనుక డ్వాక్రా సంఘం సమావేశంలోనే తేదీ నిర్ణయించి, జీడి, కొబ్బరి తోటల పనికి బయల్దేరకముందే, పెద్దవాళ్లందరికీ ఒకే ఉదయం పరీక్ష చేయాలి. అందరూ వచ్చినప్పుడు ఫలానావాళ్లకే రోగమన్న మాట పుట్టదు.

అమెరికా విద్యార్థులకూ మన కూలీలకూ పోలికేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ముందు రెండు మూడు ఊళ్లలో చేసి, ఎంతమంది వచ్చారో లెక్క చూద్దాం. జబ్బుకు కారణమే తేలలేదుగా అంటే, బీపీ, షుగరు అదుపులో పెట్టడానికీ, దుకాణంలో కొని మింగే నొప్పుల మాత్రలు మాన్పించడానికీ కారణం తేలేదాకా ఆగనక్కర్లేదు. నేను బరువుగా తీసుకునేది మరో అభ్యంతరం: ఇలా మాట్లాడితే నెపం జనం మీదికి పోతుందని. అందుకే మొదటి బాధ్యత ఆరోగ్యశాఖదే అంటున్నాను. పరీక్ష చేసి మందులు, నిపుణుడైన డాక్టరు లేకుండా వదిలేస్తే మరుసటి ఏడు ఎవరూ రారు. ఫలితాలను శిబిరంలో పేరు పిలిచి చదవకూడదు. ఏఎన్ఎం మూసిన కవరులో ఇంటికి తెచ్చివ్వాలి, తర్వాత ఏ రోజు ఎవరిని కలవాలో అందులోనే రాసి ఉండాలి.

— ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా