మెడలో గుదిబండ

దారి తప్పి పక్కోడి చేలో పడే పశువు మెడకి మన ఊళ్ళలో గుదిబండ కడతారు. పరిగెత్తబోతే ఆ దుంగ ముందుకాళ్ళకి కొట్టుకుంటుంది. దాంతో అది బుద్ధిగా నడుస్తుంది. కంపెనీవాడిచ్చిన స్ట్రాప్ తగిలించి, కెమెరాని మెడలో వేసుకుని గోల్కొండ మెట్లెక్కే ప్రతివాడికీ జరిగేది సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే. పశువుకి దుంగ ఇంకెవరో కడతారు, మనం మాత్రం సొంత డబ్బులు పోసి కొనుక్కుని మరీ కట్టుకుంటాం. పైగా దానిమీద కంపెనీ పేరు అరచేతి మందాన. ఊరికే మోసే ప్రకటన అన్నమాట!

ఈ బాధకి మందంటూ షాపుల్లో అమ్మేవన్నీ మెత్తటి స్ట్రాపులే. నియోప్రీన్ అంటారు, తోలు అంటారు, వెడల్పు అంటారు. కాస్త ఉపశమనం ఉంటుంది, కాదనను. కానీ నా మటుకు నాకు అసలు సమస్య మెత్తదనంలో లేదు. స్ట్రాప్ కెమెరాని ఎక్కడ పట్టుకుంటోంది, ఆ బరువు మన ఒంటిమీద ఎక్కడ దిగుతోంది, ఈ రెండే సంగతులు. మన భాషలో చెప్పాలంటే, ఇంటర్‌ఫేస్ తప్పుగా పెట్టుకుని స్క్రీన్‌కి రంగులు మారుస్తున్నాం.

కొంచెం లెక్క చూద్దాం. 2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ 2 బాడీ 810 గ్రాములు. దానికి అప్పటి 24-70 ఎఫ్/2.8 లెన్సు తగిలిస్తే ఇంకో 950. వెరసి కేజీ ముప్పావు పైచిలుకు. వారమంతా మానిటర్‌కేసి తల చాచి కూర్చునే మన మెడలకి శనివారం ఇదో కానుక. పోనీ మిర్రర్‌లెస్ వచ్చాక బరువు తగ్గిందిగా అంటారా? తగ్గింది, కానీ బాడీలో. 2013 నాటి మొదటి సోనీ ఎ7 బ్యాటరీ, కార్డుతో కలిపి 474 గ్రాములు. 2016లో వాళ్ళే ఇచ్చిన 24-70 జీఎం లెన్సు 886 గ్రాములు. అంటే మోసే బరువులో మూడింట రెండొంతులు లెన్సుదే. స్ట్రాప్ తగిలించుకునే చెవులు మాత్రం ఇంకా బాడీ పైభాగంలో, అటొకటి ఇటొకటి. బరువు ముందుకి జరిగింది, పట్టుకునే చోటు జరగలేదు. అందుకే మెడలో వేసుకోగానే లెన్సు ముక్కు నేలకేసి వాలుతుంది. వంగితే ఊగి రాతికి తగులుతుంది. బెలూం గుహల్లో తల వంచుకుని నడిచినవాళ్ళకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆ రెండు చెవులూ కెమెరాని ఛాతీ మీద, తీయడానికి సిద్ధంగా వేలాడదీయడానికి పెట్టినవి. ఫిలిం రోజుల్లో చిన్న కెమెరాకి, చిన్న లెన్సుకి అది చక్కగానే సరిపోయింది. ఇప్పుడది లెగసీ కోడ్. ఎవరూ ముట్టుకోరు, అందరూ దానిమీదే కట్టుకుంటూ పోతారు.

సరే, మెడలోంచి తీసి అడ్డంగా, ఎడమ భుజం మీంచి కుడి తుంటి మీదకి వేసుకుందాం. బరువు భుజానికి మారింది, కొంత తుంటి కాసుకుంది. మన అమ్మలు బిడ్డని చంకనెత్తుకునే పద్ధతే ఇది, మెడకి వేలాడదీసుకున్న తల్లిని నేనైతే చూడలేదు. కానీ స్ట్రాప్ రెండు కొసలూ పై చెవులకే ఉంటే కెమెరా వీపు తుంటికి ఆని, లెన్సు బయటికి పొడుచుకొస్తుంది. బస్సులో పక్కవాడికి, ఇంట్లో గుమ్మానికీ తగులుతుంది.

దీనికి విరుగుడుగా బ్లాక్‌రాపిడ్ తరహా స్లింగులు వచ్చాయి. అడుగునున్న ట్రైపాడ్ మరలో కొక్కెం బిగిస్తే కెమెరా తలకిందులుగా వేలాడుతుంది, స్ట్రాప్ భుజం మీద కదలకుండా కెమెరా ఒక్కటే దానివెంట జారి కంటి దగ్గరికొస్తుంది. హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మొత్తం భారం ఒకే ఒక్క 1/4 అంగుళం మర మీద! నడిచినంతసేపూ మెలితిరుగుతూ ఉంటే మర మెల్లిగా వదులవుతుంది. సర్వర్ రూములో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని గోల చేసే మనం, భుజానికి మాత్రం అదే తగిలించుకుని తిరుగుతాం. ఆ పద్ధతే నచ్చితే పై చెవికి ఒక చిన్న కాపలా తాడు కూడా కట్టుకోండి. గంటకోసారి మర బిగువుగా ఉందో లేదో వేలితో చూసుకోండి.

నాకు బాగా నచ్చింది మధ్యేమార్గం. ఒక కొస పై చెవికి, రెండో కొస అడుగున ట్రైపాడ్ ప్లేటుకున్న రంధ్రానికి. కెమెరా పక్కకి తిరిగి, లెన్సు కిందికి చూస్తూ ఒంటికి అతుక్కుని ఉంటుంది. పట్టు రెండు చోట్ల ఉంది కాబట్టి ఒకటి ఊడినా కెమెరా కింద పడదు. 70-200 లాంటి పెద్ద లెన్సయితే బాడీని వదిలేసి లెన్సు కాలర్‌కే తగిలించడం మేలు, బరువుండేది అక్కడే కాబట్టి.

ఇక్కడే నాకు ఒళ్ళు మండే విషయం ఒకటుంది. అడుగున ఇంకో చెవి కావాలని కంపెనీలకి తెలీదా? తెలుసు. కానన్ 1డి తరగతి బాడీలకి అడుగున మూడో చెవి ఉంటుంది. విడిగా కొనే బ్యాటరీ గ్రిప్పుల మీద కూడా ఉంది, చేతిపట్టీ కోసం. అంటే ఆలోచన ఉంది, అచ్చు ఉంది, కానీ ఖరీదైనవాటికే. అంత చిన్న లోహపు ముక్క ట్రైపాడ్‌కి అడ్డొస్తుందని సాకు చెప్పొచ్చు. మూలకి జరిపితే అడ్డు రాదు, గ్రిప్పుల మీద రావట్లేదుగా!

వాళ్ళిచ్చేదాకా మనం చేసుకోగలిగినవి మూడు. ఒకటి, స్ట్రాప్‌కి, చెవికి మధ్య ఊడదీసుకునే తగులు పెట్టుకోండి. పీక్ డిజైన్ వాళ్ళ చిన్న బిళ్ళలు అలాంటివే, 90 కిలోల దాకా ఆపుతాయని వాళ్ళ మాట. దారం పైపొర అరిగితే లోపలి రంగు బయటపడి, మార్చమని చెబుతుంది. అలర్టింగ్ అంటే అదీ! రెండు, బకిల్‌లోంచి దూర్చాక మిగిలిన కొసని స్ట్రాప్‌కి లోపలివైపు ఉండేలా మళ్ళీ దూర్చండి. బయట వేలాడదు, జారదు. మూడు, పొడవు తగ్గించండి. ఊగేది పొడవే.

భుజాన సుఖంగా లేని కెమెరా మొదటి ట్రిప్పుకి మెడలోకి, రెండోదానికి కారు డిక్కీలోకి, మూడోదానికి బీరువాలోకి చేరుతుంది. ఆపైన "ఫోను చాలదూ" అనుకుంటాం. ఫోను మీద నాకేం కోపం లేదు. కానీ కెమెరాని ఓడించింది ఫోనులో ఉన్న సెన్సారే అని మాత్రం అనకండి. సగం కేసుల్లో ఓడించింది ఆ రెండు చెవులు. కొత్త లెన్సు కోసం దాస్తున్న డబ్బులోంచి ఓ రెండు మూడు వేలు తీసి ముందు తగులు మార్చి చూడండి. మెడ ఏమంటుందో వినండి.