ర్యామ్ పోయిందా? ముందు మనమే చూద్దాం!

ఈ సంచికలో కవితలు, కథలు ఎలాగూ ఉంటాయి. మేము మాత్రం కంప్యూటర్ డబ్బాలో ఉండే జానెడు కూడా లేని ఒక ముక్క గురించి మా అభిప్రాయం చెప్పదలిచాం. అదే ర్యామ్, అంటే మెమరీ.

మనలో కొత్త కంప్యూటర్ కొనగలిగేవాళ్లు తక్కువ. విశాఖపట్నంలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో బోర్డు ఒకచోట, ర్యామ్ మరోచోట, క్యాబినెట్ ఇంకోచోట కొని ఇంట్లో బిగించుకుంటాం. ఇలా తలోచోట కొన్న భాగాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం మామూలే. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద బొమ్మ రాదు. లేదా బీప్ బీప్‌మని మోగుతుంది. లేదా విండోస్ ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోతుంది, నీలి తెర వస్తుంది. వెంటనే “బోర్డు పోయింది” అనేస్తారు. మా మిత్రుడొకరికి డిగ్రీ ప్రాజెక్టు గడువు దగ్గర పడిన రోజుల్లో ఒక షాపులో ఇదే మాట చెప్పారు. రెండు ర్యామ్‌లలో ఒకటి తీసేయగానే అదే బోర్డు చక్కగా పనిచేసింది. బోర్డు మార్చి ఉంటే డబ్బూ పోయేది, గడువూ దాటేది.

అందుకే మా అభిప్రాయం ఒక్కటే: ర్యామ్ సంగతి తేల్చుకోకుండా ఏ కంప్యూటర్‌నూ మూలన పడేయకూడదు.

ర్యామ్ ఎందుకంత సున్నితం? ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంట్ పొందిన పద్ధతే నేటికీ దీనికి ఆధారం. ఒక్కో బిట్‌కు ఒక్కో చిన్న గది. అందులో కాస్త విద్యుత్తు. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి సుమారు 64 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపాలి. 8 జీబీ ర్యామ్‌లో ఇలాంటి గదులు 6,800 కోట్లకు పైమాటే! వాటిలో ఒక్కటి చెడినా ఫైలు పాడవచ్చు, మొత్తం ఆగిపోవచ్చు.

ఇక చూసే పద్ధతి. ముందు ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. తర్వాత ర్యామ్ రకం చూడండి. డీడీఆర్-3 నడిచేది 1.5 వోల్టులతో, డీడీఆర్-4 నడిచేది 1.2తో, డీడీఆర్-5 నడిచేది 1.1తో. మూడింటికీ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. కూర్చోకపోతే బలవంతం చేయకండి, అది ఆ బోర్డుది కాదు. సరైనదైతే క్లిప్పు టక్కుమనే దాకా సమంగా నొక్కాలి. సగం కూర్చున్న ర్యామ్ వల్ల వచ్చే తంటాలే ఎక్కువ.

బంగారు రంగు అంచును మెత్తని రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపేయండి. ఆ తర్వాత ఒక్క ర్యామ్‌తోనే ఆన్ చేయండి. ఏ స్లాటులో పెట్టాలో బోర్డు పుస్తకంలో ఉంటుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి, చేసింది కాగితం మీద రాసుకోవాలి. ఒకే ర్యామ్ అన్ని స్లాట్లలోనూ మొరాయిస్తే తప్పు ర్యామ్‌ది. అన్ని ర్యామ్‌లూ ఒకే స్లాటులో మొరాయిస్తే తప్పు స్లాటుది, లేదా ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్నుది. దేనికదే బాగుండి, రెండూ కలిపితేనే ఆగిపోతుంటే అవి జత కుదరనివి. అప్పుడు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపేసి, వేగం తగ్గించి చూడండి. కొత్త డీడీఆర్-5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండవచ్చు. కంగారుపడి ఆపేయకండి.

ఆన్ అయినా అనుమానం తీరకపోతే మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ అమరికను నమ్మరాదు. మళ్లీ ఒక్కొక్క ర్యామ్‌నూ విడిగా పరీక్షించాలి. అన్నీ సరిగా ఉన్నాయని తేలితే పవర్ సప్లై వైపు చూడండి, అది నీరసించినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

“పరీక్షలు పెట్టుకుని ఈ మరమ్మతులెందుకు? షాపుకిస్తే సరిపోదా?” అని పెద్దలు అడగవచ్చు. సోల్డరింగ్ పని షాపుదే, కాదనం. కానీ లోపం ఎక్కడుందో తెలిసి వెళ్లేవాడికీ, తెలియక వెళ్లేవాడికీ బిల్లులో తేడా ఉంటుంది. పైగా 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ బ్రాండు ర్యామ్‌ల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులోనే ప్రకటించింది. ఇలాంటప్పుడు బాగున్న ర్యామ్‌ను పోయిందనుకుని పారేయడం మనలాంటివాళ్లు భరించలేని దుబారా.

మరో మాట. “ముట్టుకోకు, పాడవుతుంది” అంటూ కంప్యూటర్ గదికి తాళం వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ముట్టుకోకు అనే మాట బరువేమిటో మన హాస్టళ్ల పిల్లలకు వేరే చెప్పాలా? చిన్ననాడు బడిలో కుళాయిని తన చేత్తో తిప్పుకుని నీళ్లు తాగే వీలు కూడా అంబేడ్కర్‌కు లేకపోయింది. రెండూ ఒకటని మేము అనడం లేదు. కానీ యంత్రాన్ని దూరం నుంచి చూసినవాడికి భయం మిగులుతుంది, విప్పి చూసినవాడికి విద్య మిగులుతుంది.

కాబట్టి వార్డెన్ గారికి మా మనవి: హాస్టల్‌లో ఒక స్క్రూడ్రైవర్, ఒక మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్, ఏ కంప్యూటర్‌కు ఏం చేశామో రాసే ఒక రిజిస్టరు ఉంచండి. ఆదివారం పూట సీనియర్లు దగ్గరుండి విప్పించి చూపిస్తారు.

అన్నలారా! మీ ఇంట్లో కొత్త ర్యామ్ వేసుకున్నప్పుడు తీసేసిన డీడీఆర్-3, డీడీఆర్-4 ముక్కలు సొరుగులో మూలుగుతూ ఉంటాయి. వాటిని పరీక్షించి, మంచివైతే నర్సీపట్నం పంపండి. లోపం తేల్చడానికి అన్నిటికన్నా గొప్ప పనిముట్టు బాగా పనిచేస్తుందని తెలిసిన ఒక ర్యామే. అది మీకు పాతదైనా ఇక్కడ పది కంప్యూటర్లను పరీక్షించడానికి పనికొస్తుంది.