బైబిలులో దాచిన చీటీ



మామిడి కోతలయ్యాక మైలవరంలో ఒక ఇంటికి కుటుంబ ప్రార్థనకు వెళ్లాము. ప్రార్థన ముగిశాక ఆ ఇంటి తల్లి బైబిలు తెరిచి, మడిచిన చీటీ ఒకటి తీసింది. "అయ్యగారూ, మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు దాచమని ఇచ్చాడండీ. పన్నెండు ఇంగ్లీషు మాటలున్నాయి. ఇది డబ్బేనంటాడు, నిజమేనాండీ?" అని అడిగింది. మేము చదవకుండానే చీటీ ఆమె చేతికి తిరిగి ఇచ్చాము.

నిజమే. అతడు బిట్‌కాయిన్ కొన్నాడు. 2009లో మొదలైన ఈ కంప్యూటరు నాణేనికి నోటు లేదు, పాసుపుస్తకం లేదు. రిజర్వు బ్యాంకు దీనిని కరెన్సీగా గుర్తించలేదు. వాలెట్ అనే సొంత పెట్టెలో ఉంచుకొన్నవారికి ఆ మాటలే తాళంచెవి. అవి వరుసగా తెలిసినవాడు ఎక్కడినుండైనా సొమ్ము తీసికొనగలడు. చీటీ పోయి, ఫోను కూడా పాడైతే యజమానికే దక్కదు. మొరపెట్టుకోవడానికి మేనేజరు లేడు.

పోనీ, కొన్న ఎక్స్‌ఛేంజీలోనే వదిలేస్తే? 2024 జులై 18న మన దేశపు వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగలపాలయ్యాయి. అది ఒక్కరి సంతకంతో తెరుచుకొనే పెట్టె కాదు. అయినా తెరమీద కనబడినది ఒకటి, సంతకం పడినది మరొకటి అని ఆ సంస్థే చెప్పింది. ఖాతాదారులు తమ నాణేల కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు.

ఆ తల్లితో చెప్పినదే మీకూ చెబుతున్నాము. బైబిలు గుడికి వెళ్తుంది, కూటానికి వెళ్తుంది, పదిమంది చేతుల్లో పడుతుంది. కనుక చీటీని పొలం కాగితాలతో పాటు బీరువాలో పెట్టండి. మరొక నకలు నమ్మకమైన వేరొక ఇంట భద్రపరచండి. ఫోటో తీయవద్దు, వాట్సాప్‌లో పంపవద్దు. కంపెనీవారమని చెప్పి ఎవరు ఆ మాటలు అడిగినా వాడు దొంగే. సంఘ కాపరికైనా చూపించవద్దు. పంట అప్పు, పిల్లల ఫీజు డబ్బు అందులో పెట్టనే వద్దు. దొంగతనం జరిగితే సిగ్గుపడి దాచక, వెంటనే 1930కి ఫోను చేయండి.

దొంగ ఏ జామున వచ్చునో తెలియదు గనుక మెలకువగా ఉండమన్నాడు మన ప్రభువు. ఆ మెలకువ ఆత్మ విషయంలోనే కాదు, ఆయన మన చేతికిచ్చిన కష్టార్జితం విషయంలోనూ ఉండాలి.

ఆ తల్లి చీటీని బీరువాలో పెట్టి తాళం వేసింది. బైబిలు మాత్రం బల్లమీద తెరిచే ఉంచింది. మూయవలసినది మూసి, తెరవవలసినది తెరిచే జ్ఞానం ప్రభువు మన కుటుంబాలకు దయచేయును గాక.