సోలార్ కాగితం మీద సంతకానికి ముందు

పసుపు ఉడకబెట్టి కల్లంలో పోశాక పది పదిహేను రోజులు ఎండనే నమ్ముకుంటాం. ఇప్పుడు అదే ఎండతో ఇంటికి కరెంటు ఇస్తామని ఏజెంట్లు నవీపేట్ సంతలో కూడా కాగితాలు పంచుతున్నారు. సంతకం పెట్టేముందు మీ మీటరు ఒకసారి చూసుకోండి.

గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే రేషన్ కార్డు ఇళ్లకు బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాల్సిందే. ఆ గీత దాటించేది చాలా ఇళ్లలో పాత ఫ్యానే. 75 వాట్ల ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు, మూడు ఫ్యాన్లకు వంద. రేకుల కింద పొద్దంతా కూర్చుని బీడీలు చుట్టే మన ఆడవాళ్లకు ఫ్యాను ఆపమని చెప్పే నోరు ఎవరికుంది? 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే ఆ వంద నలభైకి దిగుతుంది. నీళ్ల రాడ్డుకు బదులు డాబా మీద సోలార్ హీటరు, నాలుగు పశువులున్న ఇంట్లో గోబర్ గ్యాస్, రేకులకు తెల్లరంగు. నిరుడు మా డాబాకు సున్నం వేయిస్తే, ఇన్నేళ్లు ఎందుకు వేయించలేదని మా ఇంటామె నన్నే నిలదీసింది.

ఇవన్నీ చేశాక కూడా 200 దాటుతుంటే అప్పుడు పలకల లెక్క. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. వంద చదరపు అడుగుల నీడలేని డాబా కావాలి. పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ. అది బిగించాకే ఖాతాలో పడుతుంది, అంతవరకు సొంత డబ్బో బ్యాంకు అప్పో. బ్యాటరీ లేకుంటే లైన్‌లో కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగుతుంది. ఇది అమ్మేవాళ్లు చెప్పరు.

మన అసలు తగాదా వేరే ఉంది. ఈ సబ్సిడీ ఎక్కువగా డాబా ఉన్నవాడికే అందుతోంది. రేకుల ఇంటికి, కిరాయి ఇంటికి అందడం కష్టం. 5 లక్షల ఇందిరమ్మ ఇంటి అంచనాలోనే సోలార్‌ను, తెల్ల కప్పును చేర్చాలి. బడి మీద, పంచాయతీ ఆఫీసు మీద పలకలు పెట్టి ఆ యూనిట్లను రేకుల ఇళ్ల బిల్లుల్లో తగ్గించాలి. వచ్చే గ్రామసభలో ఈ రెండు తీర్మానాలు పెట్టించే పని మన గ్రామ కమిటీలదే. వచ్చేటప్పుడు ప్రతి ఇంటి నుంచి ఎండాకాలం కరెంటు బిల్లు ఒకటి వెంట తెచ్చుకోండి.